ముత్తాత పేరు ఏ గడిలో ఉంది?

సూర్యాపేటలో గానీ, కోదాడలో గానీ, మిర్యాలగూడలో గానీ తహసీల్దార్ కార్యాలయానికి పోయి 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు కావాలని అడిగితే, మొదట వినబడే మాట ఒక్కటే: "ఏం పంచాయితీ?" పాత కాగితం అడిగినవాడు భూమి తగాదాలో ఉన్నాడని అందరి లెక్క. ఇంట్లోనూ అంతే. తాత ముచ్చట తీయగానే పెదనాయన కొడుకు ముఖం మారుతుంది. "ఇన్నేండ్లకు ఇప్పుడెందుకు యాదికొచ్చింది?" అంటాడు.

ఈ అనుమానాన్ని తీర్చకుండా కాగితాల వెంట పడితే పని మొదటి వారంలోనే ఆగిపోతుంది. అందుకని ముందుగా పండుగకో పెండ్లికో అందరూ కూడిన చోట, పెద్దల ముందే మాట చెప్పేయండి. తాతల బతుకు రాసిపెట్టాలనుకుంటున్నానని, దొరికిన ప్రతి నకలూ అన్నదమ్ముల ఇండ్లకూ ఆడబిడ్డల ఇండ్లకూ ఇస్తానని చెప్పండి. ఎవరి ఇంట్లోనుంచీ అసలు కాగితం బయటికి తీసుకురావద్దు. అక్కడే, వారి ముందే ఫోన్‌తో ఫొటో తీసుకుని తిరిగి చేతిలో పెట్టండి. ఎవరినీ ఏ కాగితం మీదా సంతకం అడగవద్దు. ఈ మూడూ పాటించిన వారికి సొంత కుటుంబమే సగం పని చేసి పెడుతుంది.

వ్యక్తిత్వ వికాసం పుస్తకంలో ఈ పని ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మన పిల్లలు ఎక్కడో పుట్టి పెరిగిన పారిశ్రామికవేత్తల జీవితాలు చదివి ధైర్యం తెచ్చుకుంటున్నారు, మంచిదే. కానీ నాగు కింద తెచ్చిన గింజలకు వడ్డీ కట్టి, దొర ఇంటికి వెట్టి చేసి, రజాకార్ల కాలంలో పిల్లల్ని చంకనేసుకుని కృష్ణ దాటి, తిరిగొచ్చి మళ్లీ నాగలి పట్టిన మనిషి మన ఇంట్లోనే ఉన్నాడు. ఆయన ఏ పరిస్థితిలో ఏ నిర్ణయం తీసుకున్నాడో తెలిస్తే, రేపు మన కష్టంలో అది పనికొస్తుంది. అయితే ఒక షరతుంది. ఆ జీవితం నిజంగా ఎలా గడిచిందో అలాగే తెలియాలి. గొప్పల కోసం వెతికేవారికి గొప్పలే దొరుకుతాయి, తాత దొరకడు.

కాగితం ఎక్కడికీ పోదు, మనిషి పోతాడు

ముందు మనుషులు, తర్వాతే కార్యాలయాలు. ఇంట్లో అందరికంటే పెద్దవారెవరో చూసి వారి దగ్గర కూర్చోండి. "మీ జీవిత చరిత్ర చెప్పండి" అంటే ఎవరూ చెప్పలేరు. చేసిన పని గురించి అడగండి. "తాతా, మీ నాయిన ఎవరి దగ్గర జీతమున్నడు?" "ఏ బాయి కింద పొలం చేసిండ్రు?" "ఎడ్లు సొంతమా, పాలా?" "అవ్వా, నువ్వు కాపురానికొచ్చిననాడు ఇంట్ల ఎంతమంది?" ఇలా అడిగితే మాట దానంతట అదే సాగుతుంది. ఫోన్‌లో రికార్డు పెట్టే ముందు అడిగి పెట్టండి. చెప్పేది చెప్పినట్టే, వారి యాసలోనే రాసుకోండి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మహిళల మాటలతో స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఈ పద్ధతికి మంచి నమూనా. అందులో మల్లు స్వరాజ్యం వంటి నాయకురాళ్ల గొంతుతో పాటు దళాలకు అన్నం వండిపెట్టిన, ఆశ్రయం ఇచ్చిన మామూలు ఆడవాళ్ల గొంతూ ఉంది.

పెద్దవాళ్లు తారీఖులు చెప్పరు, సంఘటనలు చెప్తారు. వాటిని సంవత్సరాలుగా మార్చుకోవడం మన పని. రజాకార్ల కాలమంటే 1947, 48. పోలీసు చర్య 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 వరకు. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్. నాగార్జున సాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10, కాల్వలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు. "సాగర్ కాల్వ తవ్వేటప్పుడు మీ నాయిన కడుపుల ఉన్నడు" అని అవ్వ అంటే, బడి రికార్డులో నాయిన పుట్టినరోజు జులై 1 అని ఉన్నా సరే, అవ్వ మాటకే ఎక్కువ విలువ ఇవ్వండి. ఆ కాలంలో చాలామందికి పుట్టిన తేదీ వేసింది బడిలో చేర్చుకున్న పంతులే.

ఊళ్లో ఉన్నవారితో పాటు, ఊరు విడిచి వెళ్లిన ఆడబిడ్డనూ తప్పక అడగాలి. ఊళ్లో ఉండిపోయిన వారి జ్ఞాపకం మీద తర్వాత జరిగినవన్నీ పేరుకుపోతాయి. పాత ఇల్లు కూలి కొత్తది లేస్తుంది, బాయి పూడిపోతుంది, అన్నదమ్ములు విడిపోతారు. పద్నాలుగేండ్లకే పెండ్లయి వెళ్లిన మేనత్తకు మాత్రం తల్లిగారిల్లు ఆ రోజు ఎలా ఉందో అలాగే గుర్తుంటుంది. దంతె ఏ మూలన ఉండేదో, ఏ ఎద్దుకు ఏం పేరో, నాయిన అప్పు ఎవరికి ఉండేదో ఆమే చెప్పగలదు.

సందుగలో ఉన్నవి

ఇంట్లో పాత సందుగో ట్రంకు పెట్టెనో ఉంటుంది. శిస్తు రసీదులు, సహకార సంఘం పుస్తకం, పాత రేషన్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం, సాదా బైనామాలు (తెల్లకాగితం మీది కొనుగోలు పత్రాలు) అన్నీ అందులోనే ఉంటాయి. సాదా బైనామా చూసేటప్పుడు అందరి కళ్లూ భూమి మీదికే పోతాయి. మీరు సాక్షుల పేర్లు చూడండి. సాక్షిగా నిలబడేది బావమరిదో, వియ్యంకుడో, పక్క పొలం మనిషో అయి ఉంటాడు. ముత్తాతకు ఆపదలో నమ్మదగిన మనుషులెవరో ఆ నాలుగు వేలిముద్రల్లో తెలిసిపోతుంది. హద్దులు కూడా రాసుకోండి. తూర్పున ఫలానావారి చెలక, పడమర బండ్ల బాట అని ఉంటే, ఆ ఫలానావారి మనుమలు మీ తదుపరి సాక్షులు.

ఆ గడిలో లేకపోతే పక్క గడిలో

ఇక ఖాస్రా పహాణీ. ఈ ప్రాంతంలో సేద్యం చేసుకున్న మామూలు కుటుంబాలకు ఇంతకంటే విలువైన కాగితం లేదని నా అభిప్రాయం. హైదరాబాద్ రాజ్యం పోయాక, 1949లో జాగీర్లు రద్దయ్యాక, ఊరూరా సర్వే నంబర్ వారీగా ఎవరి పేర ఉంది, ఎవరు దున్నుతున్నారు అని రాసిన రికార్డు అది. అందులో పట్టాదారు గడి ఒకటి, కబ్జాలో ఉన్నవారి గడి మరొకటి ఉంటాయి. పట్టాదారు గడిలో తాత పేరు లేదని చాలామంది అక్కడే మూసేస్తారు. పక్క గడి చూడాలి.

ఈ మూడు పట్టణాల చుట్టూ భూమి ఎవరి చేతిలో ఉండేదో గుర్తు చేసుకుంటే కారణం తెలుస్తుంది. సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డి దేశ్‌ముఖ్ కింద లక్షన్నర ఎకరాలు ఉండేదని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య సాయుధ పోరాటం మీద రాసిన పుస్తకంలో చెప్పారు. ఒక్క మనిషి పేర అంత భూమి ఉంటే, దాన్ని దున్నిన వందల మంది పట్టాదారు గడిలో ఎలా ఉంటారు? వారు ఉంటే కౌలుదారుగా, కబ్జాదారుగా ఉంటారు. జీతగాడైతే ఏ గడిలోనూ ఉండడు. పేరు లేకపోవడం కూడా ఒక సమాచారమే. అది మీ ముత్తాత ఎవరి భూమిలో బతికాడో చెప్తుంది.

ఊహకు ఒక కుటుంబాన్ని పెట్టుకుని చదివి చూద్దాం. పట్టాదారు గడిలో దొర పేరు ఉంది, కబ్జా గడిలో మీ ముత్తాత పేరు, తండ్రి పేరుతో సహా ఉంది. విస్తీర్ణం 2 ఎకరాల 10 గుంటలు, అంటే రెండెకరాల మీద పావు. భూమి ఖుష్కీ అని ఉంటే మెట్ట, తరీ అని ఉంటే నీటి వసతి ఉన్నది. తరీ అయితే ఆబీ (వానకాలం) పంటా తాబీ (యాసంగి) పంటా, చెరువు కిందా బాయి కిందా అన్నది చూడాలి. బాయి కింద అయితే మీ ముత్తాత తెల్లవారుజామున లేచి మోట కొట్టాడు. ఖుష్కీలో ఆముదం ఉంటే శిస్తుకు డబ్బు దానిమీదే వచ్చింది, జొన్న ఉంటే ఇంట్లో తిన్నది గటక. ఒక్క వరుసలో మనిషి చేతుల కష్టం, కంచంలో తిండి, మెడ మీది కౌలు కనబడుతున్నాయి. ఇప్పుడు ఈ వరుస తీసుకుపోయి మేనత్తకు చదివి వినిపించండి. "ఆ బాయి నాకెరికే" అంటుంది, అక్కడినుంచి అసలు కథ మొదలవుతుంది.

చదవడంలో కొన్ని చిక్కులున్నాయి. 1956కు ముందువి, తర్వాత కొంతకాలం వరకూ, ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి. 'వల్ద్' అంటే ఫలానావారి కొడుకు, 'జౌజె' అంటే ఫలానావారి భార్య. ఉర్దూ లిపిలో హ్రస్వాచ్చులు సాధారణంగా రాయరు కాబట్టి తెలుగు పేర్లు ఒకదానికొకటి తారుమారవుతాయి. చదివించుకోవడానికి ఉర్దూ మీడియంలో చదువుకున్న పాత ఉపాధ్యాయులనో, మసీదు దగ్గర మౌల్వీ సాబ్‌నో గౌరవంగా అడగండి. తండ్రి పేరు, ఇంటిపేరు ముందే చెప్తే వారికి సులువు. తాత పేరు మనుమడికి పెట్టే అలవాటు మనది, కాబట్టి ఒకే పేరుతో ఇద్దరు తగులుతారు. తండ్రి పేరుతోనే వారిని విడదీయగలరు.

సంవత్సరాలు ఫసలీలో ఉంటాయి. నిజాం రాజ్యంలో ఫసలీ ఏడు అక్టోబర్ మొదట్లో ఆజుర్ నెలతో మొదలయ్యేది. ఫసలీకి 590 కలిపితే ఏడు మొదలైన క్రీస్తు సంవత్సరం వస్తుంది. జనవరి నుంచి వచ్చే నెలలకు 591 కలపాలి. ఫసలీ 1357 అంటే 1947 అక్టోబర్ నుంచి 1948 అక్టోబర్ దాకా, పోలీసు చర్య జరిగిన ఏడు. రూపాయలు కూడా నిజాం నాణెమైన హాలీ సిక్కాలో ఉంటాయి. సుమారుగా ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ (బ్రిటిష్ ఇండియా) రూపాయలకు సమానం. ఇది లెక్కలోకి తీసుకోకుండా ముత్తాత శిస్తును బ్రిటిష్ ఇండియా శిస్తుతో పోల్చవద్దు.

ఖాస్రా నుంచి వెనక్కి పోవాలంటే సేత్వార్, అంటే సర్వే జరిగి శిస్తు కట్టినప్పటి మూల రికార్డు. సర్వే, భూ రికార్డుల శాఖలో అడగాలి. ముందుకు రావాలంటే మూడేండ్లకు రాసిన చేసాల పహాణీ, ఏటేటా పహాణీలు, పట్టా మార్పులు రాసిన ఫైసల్ పట్టీలు. పట్టాదారు చనిపోతే వారసుల పేర్లు ఎక్కే విరాసత్ మార్పును బట్టి మరణ సంవత్సరం అంచనా వేయవచ్చు, కానీ జాగ్రత్త. చనిపోయి ఇరవై ఏండ్లయినా పేరు మారని పట్టాలు మన ఊళ్లలో కొల్లలు. 1975 పహాణీలో పేరు ఉన్నంత మాత్రాన ఆ మనిషి అప్పటికి బతికి ఉన్నట్టు కాదు.

ఫోన్‌లో కనిపించే రికార్డు, నిన్నటి ధరణి అయినా ఇవాళ్టి భూభారతి అయినా, ఇప్పటి హక్కుదారునే చూపుతుంది. ముత్తాత కోసం పాత పుటల నకలే అడగాలి. సర్వే నంబర్, రెవెన్యూ గ్రామం పేరు చేతిలో పెట్టుకుని పొండి. పని కాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మండల కార్యాలయానికి దరఖాస్తు రుసుము 5 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2016 అక్టోబర్ 11న సూర్యాపేట జిల్లా అయింది, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉండిపోయింది. కోదాడ వైపు పాత కాగితాల్లో హుజూర్‌నగర్ తాలూకా అని ఉంటుంది. నిజాం కాలపు పై స్థాయి దస్త్రాలకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ కార్యాలయం ఉంది. అయితే ఒక ఊరి ఒక మనిషి కోసం మొదటే అక్కడికి పోవడం దండగ. ఊరి సంగతి, ఫసలీ సంవత్సరం తేలాకే పొండి.

1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయ్యే దాకా ఊరి లెక్కలు చాలా చోట్ల పట్వారీ ఇంట్లోనే ఉండేవి. ఆ కుటుంబాల్లో ఇప్పటికీ పాత చిట్టాలు ఉండవచ్చు. మర్యాదగా అడిగితే చూపించేవారు ఉన్నారు.

భూమి లేనివారి జాడ

సెంటు భూమి లేని తాత కోసం వెతికేవారు ఎక్కువ ఓపిక పట్టాలి. ఆయన పేరు ప్రభుత్వ భూమికి లావుణి పట్టా ఇచ్చిన రిజిస్టర్‌లో ఉండవచ్చు. 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల జాబితాలోనో, తర్వాత అదే చట్టం సెక్షన్ 38-ఇ కింద ఇచ్చిన యాజమాన్య ధ్రువపత్రంలోనో ఉండవచ్చు. సాగర్ ఎడమ కాల్వకు ఇల్లో పొలమో పోయి ఉంటే భూసేకరణ అవార్డులో ఉంటుంది. గీత వృత్తి అయితే సొసైటీ సభ్యత్వ పుస్తకం, పోరాటంలో జైలుకు పోయి ఉంటే పింఛను దరఖాస్తు. పింఛను ఫైలును తేలిగ్గా తీసుకోవద్దు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో పనిచేశారో తోటివారి సాక్ష్యంతో సహా అందులో రాసి ఉంటుంది. తాత చదువుకోకపోయినా ఆయన పిల్లల బడి ప్రవేశ రిజిస్టర్ ఆయన వృత్తిని, ఊరిని పట్టి ఇస్తుంది.

క్రైస్తవ కుటుంబాలకు బాప్తిస్మ రిజిస్టర్లు ఉన్నాయి. నల్లగొండ వైపు బాప్టిస్టు మిషన్ పని 1890 ప్రాంతంలోనే మొదలైంది కాబట్టి కొన్నిచోట్ల నాలుగు తరాల వెనక్కి పోవచ్చు. ముస్లిం కుటుంబాలు ఖాజీ దఫ్తర్‌లో నికా పుస్తకాలు అడగాలి. వధూవరుల తండ్రుల పేర్లు, మెహర్ అందులో ఉంటాయి. కాల్వ వచ్చాక కృష్ణ అవతలి నుంచి కోదాడ, మిర్యాలగూడ వైపు వచ్చి స్థిరపడిన కుటుంబాలకు దారి వేరు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో పహాణీ లాంటి అడంగల్, ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్) అడగాలి. మద్రాసు రాష్ట్రపు జనన మరణ రిజిస్టర్లు కూడా అక్కడ పాతవి దొరుకుతాయి.

కాగితం కంటే పాత రికార్డు మన దగ్గర మరొకటి ఉంది. పద్మశాలీలకు కూనపులి వారు, మాదిగలకు డక్కలి వారు, గొల్లలకు మందెచ్చుల వారు, ముదిరాజులకు కాకిపడగల వారు, రెడ్లకు పిచ్చకుంట్ల వారు, లంబాడీలకు ఢాడీలు. వీరు తమ దాతల కులపురాణం, గోత్రాలు, ఇంటిపేర్లు తరతరాలుగా పాడుతూ, చెప్తూ వస్తున్నారు. ఏ ఇంటిపేరు ఏ ఊరి నుంచి కదిలిందో వీరి నోట వినవచ్చు. ఏ ఏడు జరిగిందో మాత్రం వీరిని అడగవద్దు, అది వారి విద్య కాదు. వస్తే కూర్చోబెట్టి, పూర్తిగా విని, వారి హక్కు వారికి ఇవ్వండి. ఉచితంగా రికార్డు చేసుకుని పంపేయడం అన్యాయం.

దొరకని చోట టైం పోగొట్టుకోవద్దు. జనాభా లెక్కలు అలాంటి చోటే. ఇంగ్లండ్, వేల్స్‌లో 1921 జనాభా లెక్కల్లోని ఇంటింటి పేర్లు వందేండ్ల తర్వాత 2022లో బయటపెట్టారు. అమెరికాలో 1950వి 72 ఏండ్లకు తెరిచారు. మన 1948 జనాభా లెక్కల చట్టం ప్రకారం వ్యక్తుల వివరాలు ఎవరికీ చూపరు. ఊరి మొత్తం జనాభా, ఇండ్ల సంఖ్య మాత్రం జిల్లా సెన్సస్ పుస్తకాల్లో చూసుకోవచ్చు. మద్రాసు రేవు నుంచి 1860లో ట్రూరో ఓడతో మొదలై దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు పోయిన కూలీల వారసులు తమ పూర్వీకుని ఊరు, తండ్రి పేరు, కులం, ఒంటి మీది మచ్చ సైతం ఓడ పత్రాల్లో చూసుకుంటున్నారు. ఇల్లు విడిచి సముద్రం దాటిన తెలుగువాడికి దక్కిన ఆ కాగితం, ఊళ్లోనే ఉన్నవాడికి దక్కలేదు. మనకున్నది శిస్తు కాగితమే. కూలీ కావలసి అక్కడా, శిస్తు కావలసి ఇక్కడా పేరు రాశారు. ఆ మనిషి సంగతి ఎవరికీ అక్కర్లేకపోయింది, ఆ మిగతా భాగం మనం పూరించాలి.

ఆడవారి పేర్లు

అన్నిటికంటే కష్టమైంది ముత్తవ్వ పేరు. 1951-52 మొదటి ఎన్నికల్లో దేశం మొత్తం మీద దాదాపు 28 లక్షల మంది స్త్రీలు ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అనే తప్ప సొంత పేరు చెప్పనందుకు ఓటర్ల జాబితా నుంచి తొలగిపోయారు. వారిలో ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాల వారే అయినా, మన పహాణీలదీ అదే తీరు. భర్త పోయాక పిల్లలు చిన్నవాళ్లయితే పట్టా ఆమె పేరకు మారి ఉంటుంది, అక్కడ 'జౌజె' పక్కన చూడండి. పసుపు కుంకుమ కింద తల్లిగారు ఇచ్చిన భూమి ఉంటే, తల్లిగారి ఊరి పహాణీలో వెతకండి. పాత ఓటర్ల జాబితాలూ చూడండి. ఏదీ దొరకకపోతే ఆమె తల్లిగారి ఊరు పోయి ఇంటిపేరు చెప్పి అడగండి. వంశవృక్షంలో "ఫలానావారి భార్య" అని రాసి వదిలేయడం మాత్రం చేయవద్దు. పేరు తెలియకపోతే ఖాళీ గడి ఉంచండి, తర్వాతి వారికి అక్కడ పని మిగిలిందని తెలుస్తుంది.

నచ్చని సంగతులు తప్పక తగులుతాయి. తాత వెట్టి చేశాడని తెలియవచ్చు, వెట్టి చేయించిన గడీలో మస్కూరిగా కర్ర పట్టుకున్నాడనీ తెలియవచ్చు. రెండో సంసారం, ఎగ్గొట్టిన అప్పు, తమ్ముడి వాటా తన పేర రాయించుకున్న కాగితం బయటపడవచ్చు. రాసిపెట్టేటప్పుడు ఏదీ దాచవద్దు, కానీ బతికి ఉన్నవారిని నొప్పించే సంగతిని వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు. ఫొటోల్లో ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఉంటే వాటిని చెరిపి పంపండి. ప్రతి సంగతి పక్కనా అది ఎక్కడ దొరికిందో రాయండి. ఏ ఊరి, ఏ సర్వే నంబర్, ఏ ఫసలీ, లేదా ఏ అవ్వ ఏ రోజు చెప్పింది. ఇది రాయకపోతే పదేండ్ల తర్వాత మీ సొంత మనుమడే నమ్మడు.

ఈ అధ్యాయం చదివాక తహసీల్ కార్యాలయానికి పోవాలన్న ఉత్సాహం వస్తుంది. సోమవారం దాకా ఆగండి, అది తెరిచే ఉంటుంది. ఈ ఆదివారం మాత్రం మీ ఇంటి ఆడబిడ్డల్లో అందరికంటే పెద్దామె ఏ ఊళ్లో ఉందో కనుక్కుని, ఆ బస్సెక్కండి.